సుభద్ర కుడి చెయ్యి

డ్రిల్లు టీచర్లుగా కొత్తగా చేరుతున్న పిల్లలకు నాలుగు మంచిమాటలు రాసిపెట్టమని అడిగారు. నాలుగే అయితే ఇవిగో: ఎండ, దుమ్ము, ఈల, తిట్లు. అయిపోయింది, లేచి వెళ్ళొచ్చు. ఇంకా కూర్చున్నవాళ్ళుంటే మిగతాది చదవండి.

ప్రమోషన్ల గురించి రాయను. నాకు ఒక్కటీ రాలేదు గనక ఆ అధ్యాయం రాయకుండానే పూర్తయింది. రిజిస్టర్లు, బిల్లుల గురించి కూడా రాయను. అవి నేర్పడానికి గుమాస్తాలున్నారు, పాపం వాళ్ళకు ఉన్న సంతోషం అదొక్కటే. నేను పనిచేసిన చోట్లలో చెప్పుకోదగ్గవి మూడు. జనగామ నాకు ఉద్యోగం ఇచ్చింది. మానుకోట, అంటే కాగితాల్లో మహబూబాబాద్, స్నేహితురాలిని ఇచ్చింది. భూపాలపల్లి శిక్షగా వచ్చింది. ఆ శిక్ష ఎందుకు పడిందో చెబితే మా ఉద్యోగం ఏమిటో మీకు తెలుస్తుందని నా నమ్మకం. చెప్పేది ఎక్కువగా సుభద్ర గురించి. ఆమె బతికే ఉంది, ఇది చదువుతుంది, లెక్కల టీచరు గనక తప్పులు కూడా పట్టుకుంటుంది.

పేరు ఆటలు, పని గంట కొట్టడం

డ్రిల్లు టీచరు ఆటలు నేర్పుతుందని మీకు ట్రెయినింగులో చెప్పి ఉంటారు. నాకూ చెప్పారు. బడిలో చేరాక తెలిసింది: గంట కొట్టాలి, ఆలస్యంగా వచ్చినవాళ్ళను నిలబెట్టాలి, పెద్దమనుషులు వస్తే పూలదండలు తెప్పించాలి, షామియానా కట్టించాలి, కొట్లాటలు విడదీయాలి. వీటన్నిటి మధ్య వేళ మిగిలితే ఆటలు. ఆ వేళను కూడా ఇంగ్లిషు సారుకో సోషల్ టీచరుకో ఇచ్చేయాలి, ఎందుకంటే వాళ్ళ సిలబస్ ఎన్నడూ పూర్తి కాదు. ఆటల పీరియడు ఊరి ఉమ్మడి గడ్డి లాంటిది, ఎవరి పశువు వచ్చినా మేసి పోతుంది.

మాది బచ్చన్నపేట పక్కన చిన్న పల్లె. నాన్న ఉన్న కాస్త చెలకలో పత్తి వేసి, మిగతా రోజులు కూలికి పోయేవాడు. మిషన్ బడి వాళ్ళు చదువు చెప్పి, నా పేరు రూతమ్మ అని రాసుకున్నారు. నేను బాగా పరుగెత్తుతానని కూడా వాళ్ళే కనిపెట్టారు. మేకల వెంట, చెరువు నీళ్ళ వెంట పరుగెత్తినప్పుడు అది ప్రతిభ అని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

తాడు పట్టుకున్న దొర

జనగామ ఆడపిల్లల బడిలో నేను చేరగానే అరవై తొమ్మిది ఉద్యమం వచ్చింది. పిల్లలు ఊరేగింపుకు పోకుండా గేటుకు తాళం వేసి నిలబడమని హెడ్మాస్టరమ్మ నాకు ఆజ్ఞ వేసింది. నేను నిలబడ్డాను. పిల్లలు వెనక గోడ దూకి పోయారు. హైజంపు నేర్పింది నేనే. నా శిక్షణ ఎంత బాగుందో ఆ ఒక్కరోజే తెలిసింది, దానికి నాకు బహుమతిగా సంజాయిషీ నోటీసు ఇచ్చారు. తర్వాత బడులే మూతబడ్డాయి గనక నోటీసుకు జవాబు అడిగే దిక్కు లేకపోయింది.

బడులు తెరిచాక ఆటల ఇన్‌స్పెక్టరు ఒకాయన కోస్తా నుంచి వచ్చాడు. ఇస్త్రీ చెదరని తెల్ల ప్యాంటు, చేతిలో ఒక తాడు. మొదటి తనిఖీలోనే నన్ను పట్టుకున్నాడు.

"ఏమ్మా, 'నిలవడుండ్రి' ఏంటి? పిల్లల్ని లైన్లో పెట్టడానిక్కూడా ఆ భాషేనా? సినిమాలో కామెడీ సీనులా ఉంది."

"మీ భాషల చెప్తే అర్థంగాక కూసుంటరు సార్" అన్నాను.

ఆయన నవ్వలేదు. తాడు విప్పాడు. రోజూ ప్రార్థనలో ప్రతిజ్ఞ చేస్తారు కదా, కుడి చెయ్యి ముందుకు చాచి, భుజం ఎత్తున. ఆ చేతుల వరస పక్కనే ఇద్దరు పొడుగు పిల్లలతో తాడు బిగించి పట్టించి, ఏ వేళ్ళు తాడు కంటే కిందికి జారితే ఆ వేళ్ళ మీద బెత్తంతో ఒకటి వేసేవాడు. ప్రతిజ్ఞలో ఏముందో ఆ పిల్లలకు గుర్తుందో లేదో గాని, తాడు మాత్రం జీవితాంతం గుర్తుంటుంది. ఆయన చెడ్డవాడు కాదు. దేశం మొత్తం ఆ తాడు మీద నిలబడి ఉందని మనస్ఫూర్తిగా నమ్మేవాడు. అలాంటి బాసులు మీకూ వస్తారు. వాళ్ళతో వాదించకండి, వాళ్ళు రిటైరయ్యేదాకా ఆరోగ్యంగా ఉండండి.

చదవేస్తే ఉన్న మతి పోయినట్టు, నేనూ ఒక తాడు కొన్నాను. చాలా ఏళ్ళు పట్టాను కూడా. లైను చక్కగా ఉంటే నాకు తృప్తిగా ఉండేది, అది దాచి ప్రయోజనం లేదు. బెత్తం మాత్రం పట్టలేదు.

మానుకోట స్టాఫ్‌రూము

మానుకోటకు బదిలీ అడిగి తీసుకున్నాను, మా ఆయనకు అక్కడ రైల్వేలో పని దొరికింది గనక. అక్కడి ఆడపిల్లల హైస్కూల్లో సుభద్ర లెక్కలు చెప్పేది. నర్సింహులపేట వైపు పెద్ద భూస్వాముల ఇంటి కోడలు. భర్తను అందరూ పటేలు అనేవాళ్ళు, ఆమె కూడా. ఇంట్లో నౌకర్లు, వాకిట్లో జీపు, మరి ఉద్యోగం ఎందుకని అందరూ అడిగేవాళ్ళు. "ఇంట్ల లెక్క అడిగెటోళ్ళు లేరు, బడిల ఉన్నరు" అనేది.

అందరూ నా పీరియడు లాక్కుంటే, తన పీరియడులో కాస్త నాకు వదిలిన టీచరు ఆమె ఒక్కతే.

"నా లెక్కలకు పోరీలు నిద్రపోతున్నరే రూతు. జర ఉరికిచ్చి పంపు."

మధ్యాహ్నం నా టిఫిన్ డబ్బాలోంచి తొక్కు తీసుకుని తినేది. అంత పెద్ద కులం మనిషి నా డబ్బాలో చెయ్యి పెట్టడం స్టాఫ్‌రూములో కొన్నాళ్ళు పెద్ద వార్త. తర్వాత ఎవరో ట్రాన్స్‌ఫరయ్యారు, వార్త మారింది.

ఎనభైల మొదట్లో ఒకరోజు ఆటసామాన్ల గదికి వచ్చి తలుపు వేసింది. రవిక హుక్కులు తీసి, కుడి రొమ్ము మీద నా చెయ్యి పెట్టింది. "గిదేందో చూడు. నొస్తలేదు. నొస్తలేదనే భయమైతున్నది." చింతగింజంత గడ్డ గట్టిగా తగిలింది. నాకు తెలిసిన వైద్యం బెణుకులకు, మోకాలి దెబ్బలకే. రేపే వరంగల్ పోదామన్నాను. వరంగల్ డాక్టరు హైదరాబాదు పొమ్మన్నాడు. హైదరాబాదులో పెద్ద దవాఖానలో రొమ్ము మొత్తం, చంకలో గడ్డలతో సహా తీసేశారు.

ఊళ్ళో మాత్రం 'వీపులో గడ్డ' అని చెప్పారు. క్యాన్సర్ అన్న మాట నోట్లోంచి వస్తే ఎదుటివాళ్ళకు అంటుకుంటుందని, రొమ్ము అన్న మాట వస్తే ఇంటి పరువు పోతుందని పటేలు ఇంట్లో తీర్మానం. నిజం తెలిసిన ఇద్దరు ముగ్గురు టీచర్లకు, నాకు కూడా ఒట్టు పెట్టించారు. ఆడమనిషి శరీరంలో చెప్పుకోదగ్గ భాగం వీపు ఒక్కటే అన్నమాట.

బిడ్డ లేని బాలింత

దవాఖాన నుంచి వచ్చాక నేను నర్సింహులపేట వెళ్ళాను. వాకిట్లో నాకు విడిగా గాజు గ్లాసులో చాయ వచ్చింది. తాగి, పిలవకుండానే లోపలికి నడిచాను. డ్రిల్లు టీచరుకు ఒక సదుపాయం ఉంది, మర్యాద తెలియదని అందరూ ముందే అనుకుంటారు.

లోపల చీకటి గది. తలుపు సందులకు గుడ్డలు కుక్కారు. సాంబ్రాణి పొగ. నులక మంచం మీద సుభద్ర, తలకు ఉన్ని గుడ్డ, చెవుల్లో దూది. కుడి చేతిని పసుపు గుడ్డతో ఒంటికి కట్టిపడేశారు. పక్కన పళ్ళెంలో పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం.

నాకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. ఇది బాలింత పథ్యం! ఆ ఇంట్లో ఆడమనిషి మంచం ఎక్కడానికి తరతరాలుగా ఒక్కటే కారణం తెలుసు. కోలుకోవడానికి కూడా ఒక్కటే పద్ధతి తెలుసు. కాబట్టి బిడ్డ లేకపోయినా, బిడ్డకు పాలిచ్చేదే లేకపోయినా, కోడలిని బాలింతను చేసి పడుకోబెట్టారు. ప్రేమ లేక కాదు. అత్త రోజూ తానే కారం నూరి పెట్టేదట.

"ఎట్లున్నవే?" అన్నాను.

"కాన్పు బాగనే అయింది" అంది సుభద్ర. "పిల్లనే కనవడ్తలేదు."

ఇద్దరం నవ్వాం. నవ్వుతుంటే ఆమెకు కుట్లు లాగి కళ్ళనీళ్ళు వచ్చాయి. కాసేపటికి అవి నిజం కన్నీళ్ళే అయ్యాయి. కట్టు విప్పి చెయ్యి లేపమన్నాను. ఒంటికి రెండు వేళ్ళ దూరం కదిలింది, అంతే. భుజం తలుపు గడియలా బిగుసుకుంది.

"డాక్టరు ఏం చెప్పిండు?"

"నాకు చెప్పలే. ఆయనకు చెప్పిండు. ఆయన అత్తకు చెప్పిండు."

"ఏమని?"

"జాగ్రత్త అని."

తర్వాత కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకోవడానికి హైదరాబాదు పోయినప్పుడు నేనే తోడు వెళ్ళి అడిగాను. మొదటి రోజుల నుంచే చెయ్యి మెల్లమెల్లగా లేపించమని, వేళ్ళతో గోడ ఎక్కించమని, లేకపోతే భుజం బిగుస్తుందని డాక్టరు ఇంటాయనకు చెప్పి పంపాడట. ఆ మాటలన్నీ హైదరాబాదు నుంచి నర్సింహులపేట చేరేసరికి 'జాగ్రత్త'గా మిగిలాయి. మగవాళ్ళ ద్వారా చెప్పి పంపిన వైద్యం ఇలాగే చేరుతుంది. పిల్లలూ, రాసుకోండి: దెబ్బ తగిలిన మనిషికే చెప్పండి, ఆమె పక్కన నిల్చున్న మనిషికి కాదు.

పురుడు ఎప్పుడు వెళ్తుంది

ఇప్పుడు అత్తను ఒప్పించాలి. డాక్టరు మాట అంటే "గా డాక్టరు ఎన్ని కాన్పులు జేసిండు?" అంది. నిజమే, ఆయన ఒక్కటీ చేసి ఉండడు. చెయ్యి లేపితే కుట్లు ఊడతాయనీ, పచ్చి ఒంటికి గాలి తగులుతుందనీ ఆమె భయం. నేను కాసేపు ఆలోచించి, వాదన మార్చాను.

"అమ్మా, మీ ఇంట్ల బాలింతకు పురుడెళ్ళేది ఎన్నడు?"

"ఇరవయ్యొకటో దినం. తలకు వోసి బయటికి తెస్తం."

"మరి గీమెకు ఎన్నడు తెస్తరు? అది దాటి నెలలైతున్నది గదా."

ముసలామె వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. బిడ్డ లేదు గనక దినాలు లెక్కపెట్టాలని ఎవరికీ తోచలేదు. పురుడు వెళ్ళని బాలింత ఇంట్లో ఉంటే అరిష్టమని ఆమెకే అనిపించింది. మర్నాడే వేపాకు నీళ్ళు కాచి తలకు పోసి, సాంబ్రాణి గది ఖాళీ చేయించింది. శాస్త్రంతో కానిది పురుడుతో అయింది. నా ట్రెయినింగు పుస్తకంలో ఈ పద్ధతి లేదు.

ఇక మా పని మొదలైంది. సెలవు రోజుల్లో పోయేదాన్ని. ముందు గోడ. గోడకు ఎదురుగా నిలబెట్టి, వేళ్ళతో చీమ పాకినట్టు పైకి ఎక్కించి, అందిన చోట సుద్దతో గీత గీసేదాన్ని. తర్వాత కర్ర. బడిలో డ్రిల్లుకు వాడే కర్రను రెండు చేతులా అడ్డంగా పట్టుకుంటే, మంచి చెయ్యి పైకి పోతూ చెడ్డ చేతిని వెంట లాక్కుపోతుంది. సుభద్ర నన్ను నోటికి వచ్చినట్టు తిట్టేది.

"నీకు దండం పెడ్త, ఆపవే! నీకు దయ లేదానే రాక్షసి?"

"దయ ఉంటే డ్రిల్లు టీచరు ఎందుకైత?"

నొప్పి రెండు రకాలు. బిగుసుకున్నది సాగేటప్పుడు లాగినట్టుండే నొప్పి, ఆగితే తగ్గుతుంది. చిరిగేటప్పుడు సూదిలా పొడిచే నొప్పి, ఆగినా తగ్గదు. మొదటిదాన్ని భరించమనాలి, రెండోదాని దగ్గర వెంటనే ఆపాలి. ఏది ఏదో మనిషి మొహం చూసి తెలుసుకోవాలి, ఈల ఊది కాదు. నా ఉద్యోగంలో ఇంతగా పనికొచ్చిన విద్య ఇంకోటి లేదు.

సుద్ద గీతలు గోడ మీద పైకి పోయాయి. అత్త మొదట్లో తిట్టి, తర్వాత తానే "ఇయ్యాల గీతెక్కడిదాంక వొచ్చింది?" అని అడగసాగింది. చివరికి సుభద్ర తన జడ తాను వేసుకుంది. ఆ రోజు నాకు చాయ స్టీలు గ్లాసులో వచ్చింది. విప్లవాలు ఇలాగే వస్తాయి, ఎవరూ నినాదాలు ఇవ్వరు.

పటేలు పన్ను

బడికి తిరిగి వచ్చింది. రవిక లోపల కుడివైపు పాత చీర గుడ్డలు ఉండ చుట్టి పెట్టుకునేది. బోర్డు మీద పైన రాయడానికి చెయ్యి లేపితే ఆ ఉండ జారి పక్కకు వచ్చేది. పిల్లలు చూశారేమోనని పుస్తకం అడ్డం పెట్టుకుని స్టాఫ్‌రూముకు పరుగెత్తేది. "నా సెంటర్ పాయింటు జరిగిందే" అని నవ్వేది. కానీ బోర్డు మీద పై సగంలో రాయడం మానేసింది. నేను అంత కష్టపడి లేపిన చేతిని ఒక గుడ్డ ఉండ కిందికి దించింది.

ఒకసారి దవాఖానలో చూపించుకోవడానికి హైదరాబాదు పోయినప్పుడు, వీపు మీది కండను తోలుతో సహా చంక కింది నుంచి ముందుకు తిప్పి, రొమ్ములా కుట్టే డాక్టరు ఉన్నాడని సుభద్రకు తెలిసింది. చేయించుకుంటానంది. ఇంట్లో పిడుగు పడ్డట్టయింది. రోగం తీయించుకోవడం సరే, అది అవసరం. ఇదేమిటి? ఈ వయసులో? ఎవరికోసం? మా స్టాఫ్‌రూములోనూ అదే ప్రశ్న, కాస్త గొంతు తగ్గించి.

పటేలు నన్ను పిలిపించాడు. స్నేహితురాలిని కదా, బుద్ధి చెబుతానని ఆశ. సుభద్ర కూడా అక్కడే ఉంది.

"నువ్వన్న చెప్పు టీచరమ్మ. ఎవలకు చూపెట్టనీకి గీ ముచ్చట?"

నేను నోరు తెరిచేలోపే సుభద్ర అడిగింది: "మీరు ట్రాక్టరు మీదికెల్లి పడ్డప్పుడు ముందు పన్ను ఊడింది గదా. బంగారు పన్ను ఎవలకోసం కట్టిచ్చుకున్నరు?"

పటేలు టక్కున నోరు మూసుకున్నాడు, పన్ను కనబడకుండా. ఆపరేషన్ అయ్యింది.

రెండో కాన్పు

దవాఖానలో చూడటానికి వెళితే, వీపు మీద ఒక కుట్టు, ముందు ఒక కుట్టు, రెండు గొట్టాలు. "రెండో కాన్పే" అంది మగతలో. కట్లు విప్పాక అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది. తర్వాత అంది: "అసలుదాని లెక్క లేదే. గని అద్దంల నేనే ఉన్న." నాకు ఎకసక్కెం ఆడటానికి ఏమీ దొరకలేదు, అలాంటి రోజులు నాకు అరుదు.

కానీ కుడి చెయ్యి మళ్ళీ మొదటికి వచ్చింది. వీపులో చేతిని లాగే కండ ఇప్పుడు ముందుకు వచ్చేసింది కదా. నేను కర్ర పట్టుకుని సిద్ధమైతే డాక్టరు ఆపాడు, ఆ కండకు రక్తం అందే దారి కుదురుకునేదాకా చెయ్యి ఎత్తొద్దన్నాడు. అదే మనిషి, అదే చెయ్యి, అదే డ్రిల్లు పనికిరాదు. ఆగడం కూడా డ్రిల్లేనని అప్పుడు నేర్చుకున్నాను. డాక్టరు సరే అనేసరికి ఆమె సెలవు అయిపోవచ్చింది. చెయ్యి నడుము ఎత్తుకే వచ్చింది.

పటేలుకు ఇది అదను. రాజీనామా రాయించాడు, సంతకం ఒక్కటే బాకీ. ఆయన భయం చెయ్యి గురించి కాదు.

"ప్రార్థనల అందరి చేతులు లేస్తయి, నీది లేవది. ఎందుకని అడుగుతరు. ఏమని చెప్తం? వీపుల గడ్డకు రెండుసార్లు ఆపరేషనా? మానుకోటంత తెలుస్తది."

"సోమవారం పోత. చెయ్యి లేస్తే కొలువు చేస్త. లేవకుంటే సంతకం పెడ్త" అంది సుభద్ర.

ఎందుకలా ఒప్పుకున్నావని తిట్టాను. "నాకు గూడ భయమైతున్నది రూతు. అడిగితే ఏం చెప్పాల్నో నాకు గూడ తెల్వది" అంది. ఉద్యోగం పోతే ఆమెకు మిగిలేది ఆ సాంబ్రాణి గదేనని ఇద్దరికీ తెలుసు.

అప్పటి మా హెడ్మాస్టరు పటేలుకు దూరపు చుట్టం. ఆదివారం నన్ను ఇంటికి పిలిచి, రేపు ప్రార్థనలో తాడు పట్టించమన్నాడు, పిల్లలకే కాదు, టీచర్ల వరసకు కూడా. "క్రమశిక్షణ పైనుంచి మొదలుకావాలె" అన్నాడు. సుభద్రకు తాను చెప్పలేని మాట తాడుతో చెప్పించాలని ఆయన ఎత్తు.

సోమవారం

"తాడేది?" అన్నాడు హెడ్మాస్టరు.

"ఎలుకలు కొరికినయి సార్" అన్నాను. అది నా సంచిలో ఉంది.

గేటు బయట జీపు. దానికి ఆనుకుని పటేలు, చొక్కా జేబులో మడత కాగితం. వరండా మీద టీచర్లం వరసగా నిలబడ్డాం, పిల్లలు మాకు ఎదురుగా మైదానంలో. ప్రతిజ్ఞ చెప్పే పిల్ల గొంతు సవరించుకుంది. చేతులన్నీ లేచాయి.

సుభద్ర చెయ్యి లేచింది. నడుము దగ్గర ఆగింది. మొహం చూశాను, పెదవి కొరుక్కుంటోంది. ఇంకాస్త లేపబోయింది. ఇది రెండో రకం నొప్పి, పొడిచే నొప్పి. నాకు తెలుసు. ఆపవే అని అరవాలనిపించింది.

అప్పుడు ముందు వరసలో ఒక పిల్ల సుభద్ర వైపు చూసి తన చేతిని నడుము దాకా దించింది. పక్కపిల్ల దించింది. తర్వాత వెనక వరస, దాని వెనక వరస. ఎవరూ చెప్పలేదు, ఈల ఊదలేదు. మైదానం నిండా చేతులు ఆమె చేతి ఎత్తుకు దిగాయి. నాకు ఏడుపు వచ్చింది. ఇన్నేళ్ళు నేను నేర్పిన డ్రిల్లులో అంత చక్కటి లైను నేను చూడలేదు.

సుభద్రకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"ఏయ్!" అని అరిచింది. ప్రతిజ్ఞ ఆగిపోయింది. "ఏందది? ఎందుకు దించిండ్రు? మీ చేతులకేమైంది?"

ముందు వరస పిల్లలు తలలు దించుకున్నారు.

"నాకు క్యాన్సరొచ్చింది. రొమ్ము కోసిండ్రు. వీపుల కండ దెచ్చి మళ్ళ కుట్టిండ్రు. అందుకని నా చెయ్యి లేస్తలేదు. మీకేం కోసిండ్రు? జాలి వడుతున్నరా నా మీద? లేపుండ్రి చేతులు!"

హెడ్మాస్టరు రుమాలు తీసి, ఏం తుడుచుకోవాలో తెలియక మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఒక్కొక్క చెయ్యీ పైకి లేచింది, భుజం ఎత్తుకు, కొన్ని భయంతో ఇంకా పైకి. సుభద్ర చెయ్యి ఒక్కటే నడుము దగ్గర ఉంది. ఆ పిల్ల ప్రతిజ్ఞ మొదటి నుంచి అందుకుంది. చివరిదాకా సుభద్ర చెయ్యి దించలేదు.

నేను గేటు వైపు చూశాను. పటేలు ఇంకా అక్కడే ఉన్నాడు. మానుకోటకు తెలియకూడదన్నది మానుకోట బడి మొత్తానికి ఆయన ఎదుటే తెలిసిపోయింది. ఇక రాజీనామా ఎందుకు? దాచడానికి ఏం మిగిలింది? ఆయన జీపెక్కి వెళ్ళిపోయాడు. మర్నాడు అదే జీపులో ఆమెను బడి దగ్గర దింపాడు. జేబులో కాగితం ఏమైందో నేను అడగలేదు.

ఆ నెల గడవకముందే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు, ఒకామె కొత్తగూడ అడవి పల్లె నుంచి, సుభద్రను వెతుక్కుంటూ బడికి వచ్చారు. ఆటసామాన్ల గదిలో తలుపు వేసుకుని మాట్లాడింది.

భూపాలపల్లి

నాకు మెమో వచ్చింది. ప్రార్థన సమయంలో వరస వంకరగా ఉన్నా డ్రిల్లు టీచరు సరిచేయలేదని నేరం. ఎన్నో మెమోలకు ఎన్నో అబద్ధాలు రాశాను గాని, దీనికి మాత్రం 'నిజమే' అని ఒక్క మాట రాసి ఇచ్చాను. భూపాలపల్లికి వేశారు. అప్పట్లో అక్కడికి పంపడమంటే అడవికి పంపడమని లెక్క. మా ఆయన మానుకోటలో, నేను అక్కడ. కోపం రాలేదని చెబితే మీరు నమ్మకండి.

బడిలో చేరిన కొన్ని నెలలకు ఒక ఆదివారం సుభద్ర బస్సు దిగింది. చేతిలో తొక్కు సీసా. మొహమంతా చెమట, చీరంతా దుమ్ము. బస్సు వెళ్ళిపోతుంటే చూశాను, సగం సీట్లు ఖాళీగా ఉన్నాయి.

"గింత దూరం గిట్ల నలిగొచ్చినవేందే? సీటు దొరకలేదా?"

"దొరికింది. కండక్టరు కూసో కూసో అని నెత్తి తిన్నడు గూడ."

"మరి?"

ఆమె కుడి చెయ్యి తలపైకి ఎత్తి, లేని బస్సు కడ్డీని గట్టిగా పట్టుకుని చూపించింది.

"పరకాల కాడికెల్లి గిట్ల నిలవడే వచ్చిన."